‘ఇటివ్వు’ అన్న మాట

“తప్పు జరగబోతోందని నాకు తెలుస్తూనే ఉంటే, నోరు తెరుచుకుని కూర్చున్న ఆ మనిషి ముందు నేను చేతులు కట్టుకుని నిలబడాలా సార్?” అని అమూల్య తన గురువుగారిని అడిగింది. అడిగింది అనడం నా మర్యాద. నిజానికి నిలదీసింది. కళ్ళలో నీళ్ళున్నాయి. ఆ నీళ్ళు దుఃఖానివి కావు, కోపానివి.

గోదావరి జిల్లాల్లో ఒక దంత వైద్య కళాశాల అది. పేరుతో పని లేదు. డాక్టర్ నరహరి గారు పుచ్చిన పళ్ళు బాగుచేసే విభాగానికి పెద్ద. అమూల్య ఆయన దగ్గరే చదువుకుని, ఆ విభాగంలోనే లెక్చరర్‌గా చేరింది. నాది పక్కనే ఉన్న చిగుళ్ళ విభాగం. రెండింటికీ మధ్య ఉన్నది ఛాతీ ఎత్తు గోడ. అందువల్ల ఆ రెండు రోజులూ జరిగింది నేను కళ్ళారా చూశాను, చెవులారా విన్నాను. కొంత నా స్వభావం కొద్దీ కోపగించుకుంటూ చూశాను.

ఆ కోపం ఎందుకో తెలియాలంటే మా వాళ్ళ ఆచారం ఒకటి చెప్పాలి. విద్యార్థి పేషెంటు పన్ను మీద పని చేస్తూ ఉంటాడు. ఎక్కడో ఒకచోట సందేహం వస్తుంది. చెయ్యి ఆగిపోతుంది, మెడ వెనక్కి తిరుగుతుంది. అప్పుడు లెక్చరర్ వచ్చి “ఇటివ్వు” అంటారు. విద్యార్థి డ్రిల్లు వారి చేతికిచ్చి, స్టూలు వదిలేసి, ఉమ్మి లాగే గొట్టం పట్టుకుని పక్కన నిలబడతాడు. కాసేపటికి పని ముగుస్తుంది. పేషెంటు దణ్ణం పెట్టి వెళ్ళిపోతాడు. లెక్చరర్ సంతకం పెడతారు. పని పూర్తిచేసినట్టు విద్యార్థి పేరు మీద ఒక కేసు పడుతుంది. అందరికీ సంతోషమే. ఇంత మంది ఇంత తృప్తిగా కలిసి చేసే మోసాన్ని నేను మరెక్కడా చూడలేదు. ఇలా గొట్టం పట్టుకుని చదువు ముగించినవాడు రేపు ఏదో ఒక వీధిలో బోర్డు కట్టుకుని కూర్చుంటాడు. మీరూ నేనూ ఆ బోర్డు చూసి లోపలికి వెళ్ళి, నమ్మకంగా నోరు తెరుస్తాం. ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

ఈ “ఇటివ్వు” అనడంలో అమూల్యను మించినవాళ్ళు మా కాలేజీలో లేరు. ఆమెది బద్ధకం కాదు, గర్వమూ కాదు. జాలి. చెయ్యి చాలా మంచిది. పిల్లలు తడబడితే చూడలేకపోయేది, పేషెంటు మొహం చిట్లిస్తే అసలే చూడలేకపోయేది. ఎక్కడ ఎవరి చెయ్యి ఆగినా పరుగున వెళ్ళేది. పిల్లలు ఆమెను దేవత అనేవారు. అననివారు ఒక్క నరహరి గారే. ఆయనకు మరో అలవాటు ఉండేది. సందేహంతో వచ్చిన పిల్లవాణ్ణి “నీకేం కనిపించింది?” అని అడిగి, జవాబు వచ్చేదాకా కదిలేవారు కాదు. అందువల్ల ఆయన డ్యూటీ ఉన్న రోజున సందేహాలు తక్కువగా వచ్చేవి.

ఆ ఉదయం జోయెల్ అనే హౌస్ సర్జన్ ఒక పెద్దావిడ దవడ పన్ను మీద పని చేస్తున్నాడు. బుద్ధిమంతుడు. పుస్తకంలో ఎక్కడ అడిగినా చెప్పేవాడు. మరి కొద్ది వారాల్లో అతని శిక్షణ ముగుస్తుంది. మారేడుమిల్లి అవతల కొండల్లో ఒక చిన్న ఆసుపత్రి వాళ్ళు అతన్ని రమ్మన్నారు. ఆ చుట్టుపక్కల పళ్ళ డాక్టరు ఎవరూ లేరు. జోయెల్ వెళితే అతనొక్కడే. అతను పుట్టిందీ ఆ వైపే గనక ఇంట్లో అంతా సంబరపడుతున్నారు.

సగం పనిలో జోయెల్ చెయ్యి ఆగింది, మెడ తిరిగింది, అమూల్య వచ్చింది. “ఇటివ్వు నాన్నా” అంది. పన్ను అందంగా తయారైంది. పెద్దావిడ ఇద్దరినీ దీవించి వెళ్ళిపోయింది. అంతా చూస్తున్న నరహరి గారు అప్పుడు దగ్గరికి వచ్చారు.

“ఆ పన్ను పుచ్చు ఎంత లోతు దిగిందయ్యా?”

“మేడమ్ తీసేశారు సార్.”

“నువ్వేం చేశావు?”

జోయెల్ గొట్టం వైపు చూశాడు. తరవాత నేల చూస్తూ అన్నాడు. “సార్, ఆ కొండల ఉద్యోగం నాకొద్దండి. రానని ఇవాళ ఫోన్ చేసి చెప్పేస్తాను. అక్కడ మేడమ్ ఉండరు కదండీ.”

నరహరి గారు సామాన్యంగా అరిచే మనిషి కాదు. ఆ రోజు అరిచారు. అరిచింది జోయెల్ మీద కాదు. “విన్నావా అమూల్యా? ఐదేళ్ళ చదువుకి వీడు నేర్చుకున్నది ఇదీ. నువ్వు లేకపోతే వీడు లేడు. ఆ కొండల్లో పన్ను నొప్పితో ఏడ్చేవాళ్ళ ఉసురు ఎవరికి తగలాలి, వీడికా, నీకా?” కుర్చీల్లో ఉన్న పేషెంట్లు కూడా తలలెత్తి చూశారు. నలుగురిలో అలా అనడం ఆయనది తప్పే. ఎంత పెద్దవారైనా తప్పు తప్పే.

అమూల్య తగ్గలేదు. ఈ కథ మొదట్లో రాసిన ప్రశ్న అప్పుడే వేసింది. వేసి అక్కడితో ఆగలేదు. “వీళ్ళు నేర్చుకోవాలని నాకు మాత్రం ఉండదా సార్? కానీ ఆ కుర్చీలో కూర్చున్నది మనిషి. బస్సెక్కి, కూలి మానుకుని వచ్చిన మనిషి. ఆవిడ ఒళ్ళు మీ పిల్లలు దిద్దుకునే పలక కాదు. వీడి చెయ్యి కాస్త లోతుకి పోతే ఆవిడ పన్ను పోతుంది, మీది కాదు. ‘నేర్చుకోనీ’ అని దూరంగా నిలబడి చెప్పడం ఎవరికైనా తేలికే.”

నా మటుకు నాకు, ఆ పిల్ల అన్నదాంట్లో ఎక్కడా పొరపాటు కనిపించలేదు. నరహరి గారికీ కనిపించలేదనుకుంటాను. జోయెల్‌తో, “ఆ ఫోన్ రేపు సాయంత్రం చేసుకో” అని చెప్పి గదిలోకి వెళ్ళిపోయారు. గెలిచిన మనిషి మొహం వెలగాలి కదా, అమూల్య మొహం మాత్రం మాడిపోయి ఉంది.

మర్నాడు ఉదయం ఓపీ దగ్గర అందరితో పాటు వరసలో నిలబడి చీటీ రాయించుకుని, నరహరి గారు తిన్నగా వచ్చి జోయెల్ కుర్చీలో కూర్చున్నారు. పళ్ళ డాక్టర్ల పళ్ళు మీరెప్పుడైనా చూశారో లేదో. ఊరందరికీ బుద్ధి చెప్పి తమ పుచ్చుని మాత్రం వచ్చే నెలకి, ఆ పై నెలకి వాయిదా వేసే జాతి మాది. ఆయనకూ ఎడమ వైపు కింది దవడలో అలా వాయిదా పడుతూ వచ్చిన పన్ను ఒకటుంది. ఆ సంగతి మా అందరికీ తెలుసు. దాన్ని బాగుచేసే గౌరవం తనకే దక్కాలని అమూల్య ఎన్నాళ్ళుగానో అడుగుతూనే ఉంది.

జోయెల్ మొహంలో నెత్తురు చుక్క లేదు. “సార్, నేనాండీ?”

“ఈ కుర్చీ నీదే కదా. నేను పేషెంటుని. కానియ్యి.”

అమూల్య నిప్పు తొక్కినట్టు పరుగెత్తుకొచ్చింది. ఆయన ఆమెతో, “నువ్వు ఇక్కడే నిలబడు. లెక్చరర్ లేకుండా పని చేయకూడదు. వాడు దేన్నైనా పొరపాటున కోయబోతుంటే ఆపు. అంతకు మించి వద్దు,” అన్నారు. ఆమె చేతులు కోటు జేబుల్లో పెట్టుకుంది. పెట్టుకున్న తీరు చూస్తే జేబులు చిరుగుతాయేమో అనిపించింది.

మొదట్లో అంతా బాగానే సాగింది. పేషెంటుని అడగవలసినవి జోయెల్ అడిగాడు. రాత్రిపూట నిద్ర లేపే నొప్పి ఉందా అంటే లేదన్నారు. చల్లటివి తాగితే జివ్వుమంటుందా అంటే, జివ్వుమని వెంటనే పోతుందన్నారు. ఎక్స్-రేలో పుచ్చు బాగా లోతుగా కనిపించింది. మత్తు ఇంజెక్షన్ ఇచ్చాడు. ఆ పన్ను ఒక్కటే పైకి కనిపించేలా నోటికి అడ్డంగా రబ్బరు షీటు బిగించాడు. మేము అందరికీ చెప్పే మాటే ఆయనకీ చెప్పాడు. “నొప్పి పుడితే ఎడమ చెయ్యి ఎత్తండి సార్.” ఇక నరహరి గారికి నోరు లేదు. జీవితమంతా మాట్లాడి బతికిన మనిషికి ఒక్క ఎడమ చెయ్యి మిగిలింది, అదీ నొప్పి చెప్పడానికి.

పుచ్చు పైభాగం పోయింది. గోడలు శుభ్రపడ్డాయి. అడుగుకి చేరాక జోయెల్ చెయ్యి ఆగింది. అక్కడ ఇంకా కొంచెం మెత్తగా ఉంది. దాని కిందే నరం. తీస్తూ పోతే నరం బయటపడి పన్ను చచ్చిపోవచ్చు. ఎక్కువ వదిలేస్తే పుచ్చు లోపల్లోపలే తింటూ పోవచ్చు. ఎంత తీయాలి, ఎక్కడ ఆగాలి అన్నది తేల్చుకోవడమే మా విద్యలో కష్టమైన పని.

“సార్, ఇంకా తీయాలాండీ?”

అడిగాక గాని గుర్తు రాలేదు, ఎవరిని అడుగుతున్నాడో. రబ్బరు షీటు మీదుగా నరహరి గారి కళ్ళు అతన్నే చూస్తున్నాయి. ఎడమ చెయ్యి కదల్లేదు. జోయెల్ మెడ అలవాటు ప్రకారం వెనక్కి తిరిగింది. అమూల్య చేతులు జేబుల్లోంచి ఎప్పుడు బయటికి వచ్చాయో ఆమెకే తెలియదు.

“ఇటివ్వు,” అంది.

జోయెల్ స్టూలు మీంచి సగం లేచాడు. ఆమె చెయ్యి డ్రిల్లు దగ్గరికి వచ్చింది. అప్పుడు కుర్చీలోంచి నరహరి గారి కుడి చెయ్యి లేచి ఆమె మణికట్టు పట్టుకుంది. మెల్లగా కాదు, గట్టిగా పట్టుకుంది. ఆమె లాక్కోబోయింది, ఆయన వదల్లేదు. నా కుర్చీలో ఉన్న పేషెంటు “ఏంటండీ అది?” అన్నాడు. నేనేం చెప్పను? నోరు తెరుచుకుని పడుకున్న అరవయ్యేళ్ళ మనిషి, పక్కన నిలబడ్డ ఆడపిల్ల చెయ్యి పట్టుకుని ఇద్దరూ ఒకరినొకరు కొట్టేలా చూసుకుంటుంటే ఎవరికి మాత్రం ఏమని చెప్పగలం?

అప్పుడు జోయెల్‌కి కోపం వచ్చింది. ఆ అబ్బాయికి కోపం వస్తుందని మాలో ఎవరికీ తెలియదు. చేతిలోది ట్రేలో పెట్టేశాడు. టక్కున చప్పుడైంది.

“ఇదేం న్యాయం సార్? మూడో ఏడు నుంచీ నేను మొదలుపెట్టిన ఏ పన్నూ నన్ను పూర్తి చెయ్యనివ్వలేదు. చెయ్యి ఆగితే చాలు, లేవమనేవాళ్ళు. లేచాను. గొట్టం పట్టుకోమంటే పట్టుకున్నాను. అదే మంచి విద్యార్థి లక్షణం అనుకున్నాను. ఇన్నాళ్ళూ లేపేసి ఇవాళ మీ పన్ను నా చేతిలో పెట్టి, చూద్దాం అంటే ఎలాగండీ? చెడిపోతే నేను ఈ కాలేజీలో మొహం ఎలా చూపించాలి?”

ఆ మాటలు నరహరి గారివైపు చూసి అన్నా, తగలవలసిన చోట తగిలాయి. అమూల్య చెయ్యి లాక్కోవడం మానేసింది. ఆయన వదిలేశారు. ఆమె ఆ చేతిని తిరిగి జేబులో పెట్టుకోలేదు. రెండో చేత్తో పట్టుకుని నిలబడింది.

నరహరి గారు కళ్ళు మూసుకున్నారు. అది చూసి నాకు ఆశ్చర్యం వేసింది. భయపడి మూసుకున్నారో, నమ్మకంతో మూసుకున్నారో నేను చెప్పలేను. ఏమైతేనేం, అడగడానికి జోయెల్‌కి ఆ కళ్ళు కూడా లేకుండా పోయాయి.

తరవాత జోయెల్ స్టూలు మీద సర్దుకుని కూర్చున్నాడు. లైటు జరుపుకున్నాడు. పన్నుని గాలితో ఆరబెట్టి చూశాడు. డ్రిల్లు జోలికి పోకుండా చిన్న గరిటెలాంటి పరికరం తీసుకుని అడుగున మెల్లగా గీకాడు. వచ్చిన పొడిని పరికరం అంచున పట్టుకుని లైటు కింద చూశాడు. మళ్ళీ గీకాడు. లేచి వెళ్ళి ఎక్స్-రే మరోసారి చూసి వచ్చాడు. ఇంత సేపూ సణుగుతూనే ఉన్నాడు. ఆ సణుగుడు మొదట్లో మా మీద తిట్లలాగే వినిపించింది. కాసేపటికి అందులో తిట్లు తగ్గి పన్ను గురించిన మాటలు ఎక్కువయ్యాయి. “జివ్వుమని వెంటనే పోతుందన్నారు. రాత్రి నొప్పి లేదన్నారు. అంటే లోపల నరం బాగానే ఉంది. బాగున్నదాన్ని నేనెందుకు కెలకడం?”

అప్పుడు అమూల్యని పిలిచాడు. ఈసారి మెడ తిప్పలేదు, పన్ను మీంచి కళ్ళు తీయలేదు.

“మేడమ్, గోడలు గట్టిగా ఉన్నాయండి. అడుగున మాత్రం తోలులా ఉంది, గీకితే ఊడి రావట్లేదు. దాన్ని వదిలేసి, మీద మందు పెట్టి మూసేద్దామనుకుంటున్నాను. ఇందులో నేను చూడని ప్రమాదం మీకేదైనా కనిపిస్తోందాండీ?”

ఆమె వంగి చూసింది. చాలాసేపు చూసింది. ఆ పన్నుని ఆమె ఎన్నాళ్ళుగా తనదనుకుందో మాకందరికీ తెలుసు.

“కనిపించట్లేదు,” అంది. కొంచెం ఆగి, “నేనైతే ఇంకాస్త తీసేదాన్ని. కానీ నువ్వన్నదానికి కారణం ఉంది. నీ ఇష్టం,” అంది. ‘నీ ఇష్టం’ అని ఆమె ఒక విద్యార్థితో అనడం నేను వినడం అదే మొదలు. అది కూడా ఆమె కోపంగానే అంది.

జోయెల్ మందు పెట్టాడు, పన్ను నింపాడు, రబ్బరు షీటు తీసేశాడు. అమూల్య చేసినంత అందంగా ఏమీ రాలేదు. పన్ను మీద ఉండవలసిన గీతలు కాస్త మొరటుగా ఉన్నాయి. కార్బన్ కాగితం నోట్లో పెట్టి కొరకమన్నాడు. కొరికాక, పాత అలవాటు ఎక్కడికి పోతుంది, “సరిపోయిందా సార్?” అని అడిగాడు.

నరహరి గారికి సగం మూతి మొద్దుబారి ఉంది. మాట ముద్దగా వచ్చింది గాని కోపం స్పష్టంగానే వచ్చింది. “నాకేం తెలుసయ్యా? దవడ ఉందో లేదో కూడా తెలియట్లేదు. పని చేసింది నువ్వు. చూసుకో.”

జోయెల్ చూసుకున్నాడు. ఒకచోట ఎత్తుగా ఉంది. సరిచేసి, మళ్ళీ కొరికించి, మళ్ళీ చూసుకున్నాడు. ఇక అడగలేదు. చేతి తొడుగులు విప్పుతూ, “మత్తు దిగేదాకా ఏమీ తినకండి సార్, బుగ్గ కొరుక్కుంటారు. జివ్వుమనడం కొన్నాళ్ళు ఉంటుంది. రాత్రిపూట నిద్ర లేపే నొప్పి వస్తే మాత్రం మేడమ్ దగ్గరికి వెళ్ళకండి. నా దగ్గరికే రండి,” అన్నాడు. అని, తానన్నది తనకే వినిపించి కాబోలు, గబగబా ట్రే తీసుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రం అతను కొండలకి ఫోన్ చేశాడు. వస్తున్నానని చెప్పాడు.

కుర్చీ దగ్గర గురువుగారూ అమూల్యా మిగిలారు. గోడకి ఇవతల నేనున్నాను. వెళ్ళిపోవలసిన మర్యాద నాకు తెలుసు గాని కాలు కదల్లేదు. అమూల్య మణికట్టు మీద ఆయన వేళ్ళ గుర్తులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. ఆమె కోపం కూడా అలాగే ఉంది. నాకు ఆ పిల్ల మీద గౌరవం పెరిగింది అక్కడే. గురువు ఏదో గొప్ప పని చేశాడని వెంటనే కాళ్ళ మీద పడే శిష్యులంటే నాకు పరమ చిరాకు.

“మొండితనం సార్ ఇది,” అంది. “వాడి అదృష్టం కొద్దీ, మీ అదృష్టం కొద్దీ గట్టెక్కింది. వాడి చెయ్యి జారి ఆ పన్ను పోయి ఉంటే?”

నరహరి గారు కుర్చీలోంచి లేచారు. మొద్దుబారిన మూతిని రుమాలుతో తుడుచుకుని, తన గదివైపు రెండడుగులు వేసి ఆగారు.

“నాకింకా పళ్ళున్నాయమ్మా,” అన్నారు. “వాడికున్నవి ఆ రెండు చేతులే.”